ఉత్తరాంధ్రలో ఏ నది వెంట వెళ్దాం? గోస్తనీ, వంశధార, మహేంద్రతనయల మధ్య ఎంపిక

ప్రతి ఏడాదీ దసరా దాటగానే హైదరాబాద్‌లో మా ఆఫీసులో ఎవరో ఒకరు నన్ను అడుగుతారు. "మీది శ్రీకాకుళం కదా. మూడు రోజుల సెలవుంది. పచ్చగా ఉండాలి, కొండలుండాలి, సముద్రం కూడా ఉండాలి. ఎక్కడికి వెళ్ళమంటారు?" మొదట్లో అరకు అని ఒక్క మాటలో తేల్చేసేదాన్ని. వాళ్ళు వెళ్ళొచ్చి, ఘాట్ రోడ్డులో రెండు గంటలు కారులోనే కూర్చున్నామని చెప్పేవారు. తప్పు అరకుది కాదు. వెళ్ళేది ఎవరో, ఏ నెలలోనో, వెంట పెద్దవాళ్ళు ఉన్నారో లేదో అడగకుండా నేను చెప్పిన సలహాది.

ఇప్పుడు ఊరి పేరు చెప్పడం మానేశాను. ఏ నది వెంట వెళ్తారని అడుగుతున్నాను.

మన ఉత్తరాంధ్రలో తూర్పు కనుమలు సముద్రానికి బాగా దగ్గరగా వస్తాయి. అందుకే ఇక్కడి చిన్న నదులు కొండల్లో పుట్టి, ఒక రోజు ప్రయాణమంత దూరం కూడా పోకుండానే సముద్రంలో కలిసిపోతాయి. గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, సుమారు 120 కిలోమీటర్లు ప్రవహించి భీమిలి దగ్గర సముద్రం చేరుతుంది. మహేంద్రతనయ మహేంద్రగిరి నుంచి దిగి బారువ దగ్గర కలుస్తుంది. వంశధార కొంచెం పెద్దది. ఒడిశా కొండల్లో పుట్టి, హిరమండలం, శ్రీముఖలింగం దాటి కళింగపట్నం దగ్గర సముద్రంలోకి వెళ్తుంది. ఒక నదిని పట్టుకుని పై నుంచి కిందికి వస్తే కొండ, అడవి, పొలం, పాత రాజధాని, రేవు, ఇసుక అన్నీ ఒకే దారిలో వరసగా కనిపిస్తాయి. ఈ మూడింటిలో మీకు ఏది సరిపోతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మూడూ ఒకే ట్రిప్పులో చూడాలని మాత్రం అనుకోవద్దు. చూసేది తక్కువ, కారులో కూర్చునేది ఎక్కువ అవుతుంది.

గోస్తనీ వెంట: మొదటిసారి వచ్చేవాళ్ళకు

ఇది అందరికీ తెలిసిన దారే. విశాఖపట్నంలో పొద్దున్నే ఏడు గంటల ప్రాంతంలో బయల్దేరే కిరండూల్ రైలు ఎక్కితే, నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూగా అరకులో దిగుతారు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి 1960లలో జపాన్ సహకారంతో వేసిన లైను ఇది. యాభైకి పైగా సొరంగాలున్నాయి. పిల్లలు ఒక్కో సొరంగం రాగానే అరిచే అరుపులతో పెట్టె మారుమోగిపోతుంది. 2017లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె పెట్టారు. సీజన్‌లో దానికి టికెట్ చాలా ముందే అయిపోతుంది. దొరక్కపోతే దిగులు పడకండి. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంటే గాలి తగులుతుంది, అద్దాల పెట్టెలో అది ఉండదు. వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు పెట్టుకోండి. రోడ్డున వస్తే అనంతగిరి కాఫీ తోటల దగ్గర ఆగవచ్చు. పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదికి పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు, అక్కడి సాగు పద్ధతి అది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని ఇక్కడికి తీసుకెళ్ళి, "మీరు పైన కూర్చోండి, మేం చూసొస్తాం" అనాల్సి వస్తుంది. మా అమ్మ విషయంలో నేనా తప్పు చేశాను. గంటసేపు ఆవిడ ఒక్కతే బయట బెంచీ మీద కూర్చుంది. పెద్దవాళ్ళు వెంట ఉంటే ఈ సంగతి ముందే ఆలోచించుకోండి.

చాలామంది అరకు చూసి వైజాగ్ వచ్చేస్తారు. గోస్తనీ వెంట అనడంలో నా ఉద్దేశం మిగతా సగం కూడా చూడమని. కొండ దిగాక నది తాటిపూడి జలాశయంలోకి వస్తుంది. చుట్టూ కొండలు, మధ్యలో నీళ్ళు, వారం మధ్యలో వెళితే జనం పెద్దగా ఉండరు. ఇంకా కిందికి వస్తే పద్మనాభం. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయిన చోటు. అక్కడి కొండ మీద గుడికి వెయ్యికి పైగా మెట్లున్నాయి, ఓపిక ఉంటేనే ఎక్కండి. చివరికి భీమిలి. డచ్చివాళ్ళ పాత సమాధులు, నది సముద్రంలో కలిసే చోటు, పడవలు. భీమిలి నుంచి విశాఖ వచ్చే దారిలోనే ఎర్రమట్టి దిబ్బలున్నాయి. 2014లో భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తించిన ఆ దిబ్బల మీద ఎక్కి తొక్కకండి. వేల ఏళ్ళుగా పేరుకున్న ఇసుక అది, ఒక్క వానకాలంలోనే కోసుకుపోతోంది.

గోస్తనీ దారిలో ఇబ్బంది ఒక్కటే, జనం. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాల్లో గదుల అద్దెలు ఒక్కసారిగా పెరిగిపోతాయి. ఒక జనవరిలో మేం ముందుగా డబ్బు కట్టి పెట్టుకున్న గదిని, రాత్రి తొమ్మిదింటికి చేరేసరికి ఇంకెవరికో ఇచ్చేశారు. పిల్లలతో ఆ చలిలో ఇంకో గది కోసం తిరగడం ఎంత టెన్షనో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. అప్పటినుంచి సోమవారం నుంచి గురువారం లోపలే వెళ్తున్నాను. బయల్దేరే రోజు పొద్దున ఫోన్ చేసి మరోసారి గట్టిగా అడుగుతున్నాను.

చలి కోసమే వెళ్ళేవాళ్ళకి మాత్రం అరకు కంటే పాడేరు, లంబసింగి వైపు మేలు. తెల్లవారుజామున వంజంగి కొండ మీద మబ్బులు కాళ్ళ కింద ఉంటాయి. మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కితే మాడుగుల హల్వా కొనుక్కోవడం మర్చిపోవద్దు. లంబసింగి దాటగానే వచ్చే చింతపల్లిలోనే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు పోలీస్ స్టేషన్ మీద మొదటి దాడి చేశాడు. అయితే అటువైపు నీళ్ళు చాలావరకు మాచ్‌ఖండ్, సీలేరు, శబరి మీదుగా గోదావరికి పోతాయి. సముద్రంతో ముడిపడిన ప్రయాణం కాదది. దానికి వేరే సెలవు పెట్టుకోండి.

వంశధార వెంట: నా ఓటు దీనికే

మా ఊరి మీద ప్రేమతో చెప్తున్నానని అనుకోవచ్చు. ప్రేమ ఉన్న మాట నిజమే. కానీ అరకు ఒకసారి చూసేసినవాళ్ళకి, పాత కట్టడాలంటే ఇష్టపడేవాళ్ళకి, పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళకి ఇంతకంటే మంచి దారి ఉత్తరాంధ్రలో నాకు కనిపించలేదు. చాలా దూరాలు గంట, గంటన్నరలోపే. ఎక్కువ చోట్లకు కారు దగ్గరదాకా వెళ్తుంది. ఎక్కడా క్యూలో నిలబడే పని లేదు, ఆదివారాల్లోనూ రథసప్తమికీ అరసవల్లిలో తప్ప.

పై నుంచి మొదలుపెడితే సీతంపేట. పాలకొండ దాటాక కొండలు మొదలవుతాయి. ఇది సవర గిరిజనుల ప్రాంతం. ఆడలి వ్యూ పాయింట్ నుంచి చూస్తే కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి పల్చబడుతూ పోతాయి. మెట్టుగూడ జలపాతం చిన్నదే, వానలు తగ్గిన కొత్తలో బాగుంటుంది. సీతంపేట వారపు సంత ఏ రోజో ముందే కనుక్కుని దానికి తగ్గట్టు వెళ్ళండి. కొండల మీది ఊళ్ళ నుంచి అనాసలు, సీతాఫలాలు, పసుపు, కొండచీపుర్లు దింపుతారు. బేరం ఆడకుండా కొనండి. అమ్మే ఆవిడ ఆ బుట్టను ఎన్ని కిలోమీటర్లు తలమీద మోసుకొచ్చిందో చూస్తే మీకే బేరం ఆడాలనిపించదు. ఫోటో తీసేముందు అడగండి. వద్దంటే వదిలేయండి.

ఒక హెచ్చరిక. ఒడిశా వైపు నుంచి వచ్చిన అడవి ఏనుగులు పార్వతీపురం మన్యం జిల్లాలో ఏళ్ళ తరబడి తిరుగుతున్నాయి. మనుషులు చనిపోయారు, పంటలు పోయాయి. చీకటి పడ్డాక అటువైపు చిన్న రోడ్ల మీద బండి నడపకండి. ఈరోజు గుంపు ఎక్కడుందో దారిలో టీ కొట్టువాణ్ణి అడిగినా చెప్తాడు. ఏనుగులున్నాయని తెలిసి చూడ్డానికి వెళ్ళడం మాత్రం ప్రాణాలతో ఆట.

కొండ దిగి హిరమండలం వస్తే గొట్టా బ్యారేజీ. అక్కణ్ణించి నదికి ఎడమ గట్టున కిందికి వస్తే శ్రీముఖలింగం. నిదానంగా చూడాల్సిన చోటు ఇది. తూర్పు గాంగ రాజుల తొలి రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెప్తారు. తరవాత ఒడిశాలో పెద్ద పెద్ద గుడులు కట్టిన వంశం ఇక్కడే నిలదొక్కుకుంది. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర అని మూడు గుడులున్నాయి. ఇప్ప చెట్టు మొదలులో వెలసిన లింగం కాబట్టి మధుకేశ్వరుడన్నారు. మధుకం అంటే ఇప్ప. గోపురాలు మన తెలుగు గుడుల్లా ఉండవు, భువనేశ్వర్ గుడుల తీరులో ఉంటాయి. సోమేశ్వరాలయం ఊరి మొదట్లో విడిగా ఉంటుంది. చాలామంది పెద్ద గుడి చూసి దాన్ని వదిలేసి వెళ్ళిపోతారు. అలా చేయొద్దు. ద్వారం చుట్టూ ఉన్న శిల్పాలు దగ్గరగా నిలబడి చూడండి. పొద్దున తొమ్మిదిలోపు వెళ్తే ఏటవాలు వెలుతురు పడి ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ ఊరి పక్కనే పర్వతాలపేటలో గిడుగు రామమూర్తి పుట్టారు, 1863 ఆగస్టు 29న. మనం ఈరోజు మాట్లాడే తెలుగులోనే రాసుకోగలుగుతున్నామంటే అందులో ఆయన పాలు పెద్దది. అందుకే ఆ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పర్లాకిమిడిలో పాఠాలు చెప్తూ సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిన మనిషి. సీతంపేట సంతలో సవర మాటలు విని, ఇక్కడికి వచ్చి ఆయన పుట్టిన ఊరు చూస్తే, రెండూ ఒకే నది ఒడ్డున ఎలా కలిశాయో తెలుస్తుంది. నాకైతే ఈ దారి మొత్తంలో బాగా ఇష్టమైన భాగం ఇదే.

ఇంకా కిందికి, నరసన్నపేట దాటి సముద్రం వైపు వెళ్తే శాలిహుండం. నదికి కుడి గట్టున చిన్న కొండ మీద బౌద్ధ స్తూపాలు, విహారాల పునాదులు. 1919లో దీన్ని మొదట గుర్తించింది కూడా గిడుగు వారే. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను మిట్ట మధ్యాహ్నం ఆటో దిగాను. ఆటో అతను నన్ను చూసి, "ఏటమ్మా, ఈ ఎండలో కొండెక్కుతారేటి? సాయంత్రం రండి, గాలి బాగుంటాది" అన్నాడు. వినకుండా ఎక్కి, సగం చూసి దిగిపోయాను. తరవాత నాలుగింటికి వెళ్తే, అతను చెప్పిన గాలి నిజంగానే ఉంది. పైనుంచి వంశధార వంపు తిరిగి సముద్రం వైపు పోవడం కనిపిస్తుంది. స్తూపాల్లో కొన్నింటి పునాదిని బండిచక్రం ఆకారంలో కట్టారు. పైనుంచి చూస్తేనే ఆ చక్రపు ఆకులు తెలుస్తాయి. తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు కూడా ఇక్కడ దొరికాయి.

అక్కణ్ణించి కళింగపట్నం దగ్గరే. ఒకప్పుడు ఓడలొచ్చిన రేవు, ఇప్పుడు లైట్‌హౌస్, సరుగుడు తోపులు, చేపల పడవలు. నది సముద్రంలో కలిసే చోటు సాయంత్రం చూడండి. నీళ్ళలోకి మాత్రం దిగకండి. మన తీరంలో అడుగు కింద నుంచి లాగే ప్రవాహం ఉంటుంది, నదీముఖం దగ్గర మరీ ఎక్కువ. మోకాలి లోతు అనుకున్నది క్షణంలో మారిపోతుంది. ప్రతి ఏడాదీ పండగల్లో పిల్లలు పోయిన వార్త చదువుతూనే ఉంటాం.

శ్రీకాకుళం టౌన్‌లో బస పెట్టుకుంటే శ్రీకూర్మం, అరసవల్లి ఒక పూటలో అయిపోతాయి. శ్రీకూర్మంలో విష్ణువు తాబేలు రూపంలో మూలవిరాట్టుగా ఉంటాడు. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను పెంచుతారు. మా అమ్మ వాటికి ఆకుకూర పెడుతూ గంటసేపు అక్కడే ఉండిపోయింది. బొర్రాలో ఒంటరిగా కూర్చోబెట్టిన బాధ నాకప్పుడు కొంచెం తగ్గింది. మండపం గోడల మీది పాత రంగుల బొమ్మలు కూడా చూడండి. ఇంకో పూట మిగిలితే పొందూరు వెళ్ళండి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, సన్నని నూలు చేత్తో వడుకుతారు. వడికే ఆడవాళ్ళలో చాలామంది పెద్ద వయసువాళ్ళు. వాళ్ళ దగ్గర కూర్చుని చూశాక ఖద్దరు పంచె ఖరీదు ఎందుకంతో మీరే ఒప్పుకుంటారు. కథలు చదివే అలవాటుంటే కథానిలయం కూడా చూడాలి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథల కోసమే పెట్టిన గ్రంథాలయం అది.

లోపాలు కూడా చెప్పాలి. తీరం పొడవునా మంచి టాయిలెట్లు తక్కువ. ఆడవాళ్ళు నరసన్నపేట, టెక్కలి లాంటి ఊళ్ళలోని హోటళ్ళనో పెట్రోలు బంకులనో లెక్కలో పెట్టుకుని బయల్దేరాలి. సాయంత్రం ఆరు తరవాత పల్లెలకు బస్సులు పల్చబడతాయి. ముఖలింగంలోనూ శాలిహుండంలోనూ భోజనం దొరుకుతుందని నమ్ముకోవద్దు. టౌన్‌లో టిఫిన్ చేసి, పులిహోరో పెరుగన్నమో కట్టుకుని వెళ్ళండి.

మహేంద్రతనయ వెంట: నడిచేవాళ్ళకు, ఏకాంతం కావాలనుకునేవాళ్ళకు

శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వైపు వెళ్ళేకొద్దీ కొండలు హైవేకి ఇంకా దగ్గరవుతాయి. పలాస దాటాక ఎడమ చేతి వైపు కొండలు, కుడి చేతి వైపు కొబ్బరి తోటలు. ఆ కొబ్బరి, జీడి, పనస తోటల నేలే ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే అలా అయిందంటారు.

ఎడమ వైపు కొండల్లో ఎత్తయినది మహేంద్రగిరి, 1501 మీటర్లు. ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. పర్లాకిమిడి మీదుగా వెళ్ళడం సులువు. టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి పోయే రైల్వే లైను 1900లో అక్కడి రాజావారు వేయించిన నేరోగేజి లైను. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది. కానీ ఊళ్ళో దిగితే తెలుగు మాటలు వినపడుతూనే ఉంటాయి, దారి అడగడానికి భయం అక్కర్లేదు. కొండ మీద చాలా దూరం వాహనం పోతుంది, గుడుల దగ్గరికి మాత్రం నడక తప్పదు. భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి అని పిలిచే పాత రాతి గుడులవి. భీముడి గుడి పెద్ద పెద్ద రాళ్ళు పేర్చి కట్టింది. చిన్నదే కానీ ఆ రాళ్ళ పరిమాణం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పరశురాముడు ఇక్కడే తపస్సు చేశాడని నమ్మకం. శివరాత్రికి జనం పోటెత్తుతారు, ఆ మర్నాటి నుంచి మళ్ళీ నిశ్శబ్దం.

పొద్దున్నే బయల్దేరి, మధ్యాహ్నం మూడింటికల్లా దిగడం మొదలుపెట్టాలి. ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడొద్దు. దారి తెలిసిన స్థానిక డ్రైవరు ఉంటేనే వెళ్ళండి. చిన్నపిల్లలతో నేనైతే వెళ్ళను.

కిందికి వస్తే మందస. అక్కడి వాసుదేవ పెరుమాళ్ గుడి, కోవా రెండూ పేరున్నవే. కోవా మధ్యాహ్నం దాటాక వెళితే అయిపోవచ్చు. అక్కణ్ణించి సోంపేట, బారువ. బారువ బీచ్ వెడల్పయినది, కొబ్బరి తోటలు ఇసుకదాకా వస్తాయి, నది పక్కనే సముద్రంలో కలుస్తుంది. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లను సేకరించి, పొదిగాక పిల్లల్ని సముద్రంలో వదిలే కేంద్రాలు అటవీ శాఖ ఆధ్వర్యంలో నడుస్తాయి. ఎండాకాలం మొదట్లో వెళ్ళేవాళ్ళు, పిల్లల్ని వదిలే రోజులెప్పుడో ముందే కనుక్కోండి. రాత్రి ఇసుక మీద టార్చిలైట్లు, ఫ్లాష్ వెయ్యకండి. తల్లి తాబేలు బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది.

ఉద్దానం గురించి ఒక మాట. ఇక్కడ కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్ళను కూల్చింది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్ళను శుద్ధి చేసి ఈ ఊళ్ళకు పంపుతున్నారు. మీరు ఇక్కడికి వచ్చేది పచ్చదనం చూడ్డానికి. రోగుల ఇళ్ళ ముందు వీడియోలు తీసేవాళ్ళను చూసి మా వాళ్ళు ఎంత నొచ్చుకున్నారో నాకు తెలుసు. వాళ్ళంతట వాళ్ళు చెప్తే కూర్చుని వినండి, మీరుగా కదపొద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటల్ని నేలకూల్చింది. మళ్ళీ నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్ళు పట్టింది. ఇప్పుడు మీకు కనిపించే పచ్చదనం అలా తిరిగొచ్చినదే.

వంశధారకీ మహేంద్రతనయకీ మధ్య తేలినీలాపురం ఉంది, టెక్కలికి దగ్గర. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు శీతాకాలం అంతా ఊళ్ళో చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుని ఉంటాయి. నౌపడ ఉప్పు మళ్ళు, చిత్తడి నేలలు వాటి మేత చోట్లు. ఊరివాళ్ళు టపాసులు కూడా ఆచితూచి కాలుస్తారు. ఏ దారి ఎంచుకున్నా దీనికి ఒక పొద్దుటి పూట కేటాయించండి.

నెలను బట్టి, మనుషులను బట్టి

అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు చివరిదాకా తుపానుల భయం ఉంటుంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. ఆ రోజుల్లో వచ్చేట్టయితే వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకుని, రద్దు చేసుకోగలిగే టికెట్లే తీసుకోండి. నవంబరు, డిసెంబరుల్లో అరకు లోయలో వలిసె పూలు పసుపు పరిచినట్టు ఉంటాయి. ఆ పూల కోసమైతే గోస్తనీ దారే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వంశధారకు మంచి కాలం, ఎండ బాధించదు, పక్షులూ ఉంటాయి. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో మహేంద్రతనయ. ఏప్రిల్, మేల్లో ఉద్దానంలో పనస, జీడిమామిడి పండ్ల వాసన బాగుంటుంది కానీ, ఉక్క తట్టుకోలేరు. జులై, ఆగస్టుల్లో కొండలు అన్నిటికంటే పచ్చగా ఉంటాయి. అప్పుడు కొండచరియలు విరిగిపడి అరకు రైలు ఆగిపోయే అవకాశం ఉంది, జలపాతాల దగ్గర రాళ్ళు జారతాయి.

పదేళ్ళలోపు పిల్లలుంటే గోస్తనీ. రైలూ సొరంగాలూ వాళ్ళకి చాలు. అమ్మానాన్నలతోనో అత్తమామలతోనో వెళ్తుంటే వంశధార. స్నేహితులు నలుగురు, నడిచే ఓపిక, దొరికింది తిని దొరికిన చోట పడుకునే అలవాటు ఉంటే మహేంద్రతనయ. విదేశాల నుంచి సెలవుకు వచ్చే మా బంధువుల పిల్లలకి కూడా వంశధారే చూపిస్తాను. తాతల నేల ఎలా ఉండేదో అక్కడ చెప్పడం తేలిక. ఖర్చు చూస్తే గోస్తనీ దారిలో గదికి ఎక్కువవుతుంది, మిగతా రెండింటిలో బండికి ఎక్కువవుతుంది. శ్రీకాకుళం, పలాస లాడ్జిలు సీజన్ అని రేటు పెంచవు. బీచ్ ఒడ్డున గది కావాలంటే మాత్రం ముందు ఫోన్ చేసి, కరెంటు, నీళ్ళు, భోజనం సంగతి అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.

హైదరాబాద్ నుంచి మూడు రోజులే ఉంటే నేను చెప్పే పద్ధతి ఇది. విశాఖ ఎక్స్‌ప్రెస్‌కో ఫలక్‌నుమాకో శ్రీకాకుళం రోడ్డుకి టికెట్ తీసుకోండి. ఆ స్టేషన్ ఉండేది ఆమదాలవలసలో. అక్కణ్ణించి టౌన్ పదమూడు కిలోమీటర్లు, ఆటోలు ఉంటాయి. మొదటి రోజు శ్రీకూర్మం, శాలిహుండం, సాయంత్రానికి కళింగపట్నం. రెండో రోజు తెల్లారే బయల్దేరి శ్రీముఖలింగం, అక్కణ్ణించి హిరమండలం మీదుగా సీతంపేట, చీకటి పడకముందే వెనక్కి. మూడో రోజు సామాను సర్దుకుని తేలినీలాపురంలో పక్షులు, మధ్యాహ్నం లోపు మందస, సాయంత్రం పలాసలో తిరుగు బండి. స్టేషన్ ఉన్న కాశీబుగ్గ బజారులో జీడిపప్పు గింజ సైజును బట్టి రకరకాల ధరల్లో అమ్ముతారు. కూరల్లోకీ పాయసంలోకీ రెండుగా విడిన బద్ద చాలు, విడవని గుండు గింజకి పెట్టే డబ్బుతో రెట్టింపు బద్ద వస్తుంది. బండి గంట ముందే చేరుకుంటే ఆ పని కూడా తీరిగ్గా అయిపోతుంది.